కమ్మికి గుచ్చని కార్డులు

మా ఇంట్లో చావు కబురు తెచ్చిన కార్డు ఒక్కటీ లేదు. గుడియాత్తంలో నాలుగు తరాలుగా ఉన్న కుటుంబం మాది. చిత్తూరులో, పలమనేరులో, మదనపల్లెలో చుట్టాలు. ఎన్ని చావులు చూసి ఉండాలి! చూసినారు. కానీ అట్లాంటి కార్డును గడప దాటించి లోపలికి తేరు. వీధి అరుగు మీదే చదివి, అక్కడే చించేసి, తలకు నీళ్లు పోసుకొని ఇంట్లోకి వస్తారు. అందువల్ల మా ఇంటి కాగితాలను మాత్రమే నమ్మి చరిత్ర రాస్తే మా వంశంలో ఎవరూ చనిపోలేదనే తేలుతుంది. పెళ్లిళ్లు, పురుళ్లు, పంట డబ్బులు, "ఇక్కడ అందరమూ క్షేమం, అక్కడ మీ క్షేమ సమాచారములు తెలుపవలెను" — ఇవే మిగిలినాయి. మూలలకు పూసిన పసుపు కొన్నిటి మీద ఇంకా కనిపిస్తుంది.

ఈ కార్డులన్నిటికీ నడుమ ఒక చిల్లు ఉంటుంది. సావిట్లో దూలం నుంచి కొక్కెం తిప్పిన ఇనుప కమ్మి ఒకటి వేలాడేది, అడుగున చెక్క బిళ్ళతో. టపా వచ్చినప్పుడల్లా చదివి దానికి గుచ్చేవాళ్లు. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. మేము ఆ కమ్మిని దించి కార్డులు సర్దుతున్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మా చిన్నతాత బిస్కట్ల రేకు డబ్బాలో మూడువందల పైచిలుకు కార్డులున్నాయి, దేనికీ చిల్లు లేదు. అవి చుట్టాలు రాసినవి కావు. ముఖం చూడని వాళ్లు, ఈయన పంపిన వాటికి బదులుగా పంపినవి. ఈ వ్యాసం ఎక్కువగా ఆ డబ్బా గురించి. అయితే కమ్మి సంగతి చెప్పకుండా డబ్బా సంగతి అర్థం కాదు.

పోస్టు కార్డు పుట్టింది 1869 అక్టోబరు 1న, ఆస్ట్రియా-హంగరీలో. ఎమాన్యుయేల్ హెర్మన్ అనే ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, నాలుగు ముక్కలు రాయడానికి కవరూ, కాగితమూ, అంత తపాలా ఖర్చూ ఎందుకని అడిగినాడు. పదేళ్లు తిరిగేసరికి, 1879 జులై 1న, మన దేశానికీ వచ్చింది. విక్టోరియా రాణి తల, వెల పావు అణా. ఆ పావు అణాకు కార్డు ఎంత దూరమైనా పోయేది. గుడియాత్తం నుంచి ఒక పూట బండి ప్రయాణమున్న చిత్తూరుకూ అదే వెల, పెషావరుకూ అదే. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా ఇండియాలో భాగమే కనుక అక్కడా మన తపాలా బిళ్ళలే చెల్లేవి. మా కమ్మి మీద రంగూను ముద్ర పడిన కార్డులు రెండు ఉన్నాయి, రెండిటి మీదా ఐదో జార్జి తల. ఆడబిడ్డల సంగతీ చెప్పాల. కూతురిని అత్తగారింటికి పంపేటప్పుడు సారె పెట్టెలో చీరల కింద, పుట్టింటి అడ్రసు ముందే రాసిన కార్డులు నాలుగైదు పెట్టి పంపేవాళ్లు. బిడ్డ కార్డుకని ఎవరినీ కానీ అడగనక్కరలేదు, అడ్రసు రాసిపెట్టమని బతిమాలనక్కరలేదు. మా అవ్వ అట్లా తెచ్చుకున్నవాటిలో ఒకటి వాడకుండా మిగిల్చింది. ఎందుకు మిగిల్చిందో మేము అడిగే వయసుకు ఆమె లేదు.

మనలాంటి ఎల్లలవతలి కుటుంబాలకు ఇక్కడొక ముచ్చట ఉంది. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు తీసి చిత్తూరు జిల్లా చేసినారు, అప్పటిదాకా జిల్లా కచేరీ చిత్తూరులోనే ఉండేది, తర్వాత వేలూరుకు మారింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరు అటు పోయింది. 1960 ఏప్రిల్ 1న మళ్లీ సరిహద్దులు సర్ది తిరుత్తణి ఇటు వచ్చింది. మేము ఉన్నచోటే ఉన్నాము. ఇన్ని జరిగినా కార్డు మీద మాత్రం ఏ గీతా పడలేదు. ఊరు పేరు, దాని కింద "వయా" ఏదో ఒకటి, అంతే. గీత పడింది 1972 ఆగస్టు 15న, పిన్‌కోడుతో. గుడియాత్తానికి 632602, వేలూరుకు 632001, చిత్తూరుకు 517001. మాది ఆరుతో మొదలు, మా మేనమామలది అయిదుతో మొదలు. రాష్ట్రాలు వేరైన పందొమ్మిదేళ్లకు ఆ ముక్క అంకె రూపంలో మా కార్డుల మీదకు వచ్చింది.

లిపి కూడా అదే రోజుల్లో మారుతూ వచ్చింది. పెద్దతాత కార్డులన్నీ తెలుగక్షరాలే, గొలుసుకట్టు రాత. నాయన చదివింది అరవ బడి. ఆయన తెలుగునే అరవ అక్షరాల్లో రాసేవాడు. అరవంలో ప, బ ఒకటే అక్షరం, ట, డ ఒకటే. "పంట ఎట్లుంది?" అని ఆయన రాస్తే, అక్కడ అరవం వచ్చిన పిల్లోడెవరో "బండ ఎట్లుంది?" అని చదివి వినిపించినాడట. పలమనేరు మామ దానికి బదులుగా, ఇంటి ముందరి బండ ఉన్నచోటే ఉందని, మీ ఆశీర్వాదం వల్ల కదలలేదని రాసి పంపినాడు. ఆ కార్డు ఇప్పటికీ ఉంది. దానికి చిల్లు పొడిచేటప్పుడు నాయన నవ్వుతానే పొడిచినాడని అమ్మ చెప్తుంది.

చిన్నతాత సంగతికి వస్తాము. ఆయన అగ్గిపెట్టెల కంపెనీలో లెక్కల గుమాస్తా. గుడియాత్తం అంటే బయటివాళ్లకు రెండు గుర్తు: లుంగీలు నేసే మగ్గాలు, అగ్గిపెట్టెలు. వైకాసి నెలలో గంగమ్మ శిరస్సు ఊరేగే తిరునాళ్లు మూడోది, కానీ దాన్ని ఎగుమతి చేయలేము. అగ్గిపెట్టె పని ఫ్యాక్టరీలోనే ఉండదు, ఇంటింటా ఉంటుంది. అట్ట మడిచేవాళ్లు, లేబులు అంటించేవాళ్లు, చట్రంలో పుల్లలు పేర్చేవాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు. పులి, నెమలి, తాళంచెవి, తామరపువ్వు బొమ్మలతో, ఎర్ర సిరా ఎక్కువగా ఉండే ఆ లేబుళ్లు మాకు రోజూ చూసే చిత్తు కాగితాలు. లోకంలో వాటికోసం కాచుకున్నవాళ్లు ఉన్నారని చిన్నతాతకు ఎట్లా తెలిసిందో మాకు పూర్తిగా తెలీదు, ఏదో ఇంగ్లీషు పత్రికలో కలం స్నేహం శీర్షిక చూసినానని చెప్పేవాడు. మద్రాసు నుంచి 1947 జులైలో మొదలైన చందమామకు ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డులు రాసి రాసి, తెలియని వాళ్లకు రాయడం ఆయనకు అప్పటికే అలవాటు. ఒక్కసారీ బహుమతి రాలేదు.

ఆయన ఇబ్బంది ఏమిటంటే, అవతలివాళ్లు ఊరి బొమ్మకార్డు అడుగుతారు. గుడియాత్తానికి బొమ్మకార్డు ఏది? ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే మద్రాసులో హిగ్గిన్‌బాథమ్స్, వీలె అండ్ క్లైన్ లాంటివాళ్లు బొమ్మకార్డులు అచ్చేసి అమ్మినారు. మద్రాసు సముద్రతీరం, బెంగళూరు కబ్బన్ పార్కు, బండ్లు, దేవళాలు. 2018లో లండన్ సోయాస్‌లో మద్రాసు నుంచి బెంగళూరు దాకా అనే పేరుతో అట్లాంటి కార్డులతో ప్రదర్శన కూడా పెట్టినారు. ఆ రెండు ఊళ్ల నడుమ పోయే రైలు కాట్పాడి మీదుగా, మా గుడియాత్తం స్టేషను మీదుగానే పోతుంది. కెమెరా పట్టుకున్న దొరలు ఇక్కడ దిగాల్సిన పని కనపడలేదేమో! చిన్నతాత గంట బస్సెక్కి వేలూరు పోయి కోట బొమ్మ, జలకంఠేశ్వరుడి గోపురం బొమ్మ ఉన్న కార్డులు డజను లెక్కన తెచ్చుకునేవాడు. కోట బొమ్మ వెనుక, 1806 జులై 10న ఇక్కడి సిపాయిలు తెల్లవారకముందే తిరగబడినారని, అది 1857 కంటే యాభై ఏళ్లు ముందని, తన గుండ్రటి ఇంగ్లీషులో రాసేవాడు. ప్రతి కార్డుకూ అదే వాక్యం. ఒక కోట కార్డుకు తోడు పది అగ్గిపెట్టె లేబుళ్లు కవర్లో పెడితే, అవతలినుంచి అంతకు రెండింతలు వచ్చేవి. కోటకంటే లేబుళ్లకే గిరాకీ అని ఆయన కాస్త నొచ్చుకున్నట్టే చెప్పేవాడు.

ఆ డబ్బాతోపాటు ఒక నోటుపుస్తకం. కంపెనీ చిట్టా లాగే గీతలు: తేదీ, పేరు, పోయినవి, వచ్చినవి, బాకీ. నేరుగా ఇచ్చిపుచ్చుకోవడానికి ఆయన పెట్టుకున్న పద్ధతి అంతా ఆ ఐదు గడుల్లోనే ఉంది. మేము ఇప్పుడు అదే పద్ధతిలో ఏడాదికి ముప్పై నలభై కార్డులు మార్చుకుంటున్నాము కాబట్టి, కొత్తగా మొదలుపెట్టాలనుకునే మీలాంటివాళ్లకోసం కాస్త విడమరచి రాస్తాము.

ఈ కాలంలో కార్డులు మార్చుకునేవాళ్లలో చాలామంది పోస్ట్‌క్రాసింగ్‌తో మొదలుపెడతారు. పోర్చుగల్‌లో పావులో మగల్యాయిష్ అనే కుర్రవాడు 2005 జులై 14న మొదలుపెట్టినాడు. అక్కడ మీరు పంపేది ఒకరికి, మీకు పంపేది వేరొకరు, ప్రతి కార్డుకూ ఒక నంబరు, లెక్క చూసే వ్యవస్థ. నేరు మార్పిడిలో ఆ నడిమి మనిషి లేడు. మీరూ, అవతలివారూ, రెండు పోస్టాఫీసులు. అందుకే ముందు మాట తేల్చుకోవాల. ఎన్నికి ఎన్ని? ఎట్లాంటివి: ఊరి బొమ్మలా, పాతవా, అచ్చు తపాలా కార్డులా? రాసి పంపాలా, రాయకుండానా? బిళ్ళ అంటించి కార్డుగానే టపాలో వేయాలా, కవర్లో పెట్టాలా? ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ ఎక్కువ మనస్తాపాలు ఇక్కడే. కొందరికి కార్డు మీద వేలూరు ముద్ర, మరకలు, నలుగులతో సహా కావాల. ప్రయాణం చేసిన కార్డే వాళ్లకు కార్డు. కొందరికి కొత్త నోటులా ఉండాల. చిన్నతాత నోటుపుస్తకంలో పేర్ల పక్కన "ము", "క" అని ఉంటే మాకు చాలాకాలం అర్థం కాలేదు. ముద్ర కావాల్సినవాళ్లు, కవరు కావాల్సినవాళ్లు.

ఎవరు ముందు పంపాల? ఇద్దరూ ఒకే రోజు వేద్దామని అనుకోవడం మర్యాద. చిన్నతాత మాత్రం ఎప్పుడూ తానే ముందు పంపేవాడు. మోసపోలేదా అంటే పోయినాడు. ఉత్తరాది నుంచి ఒకాయన యాభై లేబుళ్లు, ఎనిమిది కార్డులు తెప్పించుకొని మళ్లీ పలకలేదు. నోటుపుస్తకంలో బాకీ గడిలో ఎర్ర సిరాతో "స్వాహా" అని ఉంది. ఆ తర్వాత ఆయన చేసిన మార్పు ఒక్కటే: కొత్తవాళ్లకు మొదటిసారి ఒక్కటే పంపడం, అది వచ్చి బదులు వస్తే మూడు, ఆ తర్వాత పది. మేమూ అంతే చేస్తాము. కార్డు చేరగానే చేరిందని చెప్పడం, ఆరు వారాలు దాటినా చేరకపోతే ఎవరినీ తప్పు పట్టకుండా ఇంకొకటి పంపడం కూడా ఆయన నుంచే. టపాలో కార్డు తప్పిపోవడం ఉంది, మనుషులు తప్పిపోవడమూ ఉంది, అవతలి ఒడ్డు నుంచి చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

అడ్రసు గురించి వేలూరులో ఒక కథ చెప్పుకుంటారు. 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టి సీఎంసీ ఆసుపత్రిని నిలబెట్టిన ఐడా స్కడ్డర్‌కు, "డాక్టర్ ఐడా, ఇండియా" అని మాత్రమే రాసిన ఉత్తరం చేరిందని. మనకు అంత పేరు లేదు గనుక ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడు రాయాల. దేశం పేరు చివరి వరుసలో, ఇంగ్లీషులో పెద్దక్షరాలతో. సందేశం తెలుగులో రాసుకోండి, తెలియనివాళ్లు మన అక్షరాలు చూసి మురిసిపోతారు. అడ్రసు మటుకు అక్కడి పోస్ట్‌మ్యాన్ చదవగలిగేట్టు ఉండాల. జెల్ పెన్ను వద్దు, వానకాలంలో ఒక్క చుక్క పడితే అడ్రసు మొత్తం నీలి మబ్బవుతుంది. బాల్‌పెన్ను చాలు. బిళ్ళలు ఒకే పెద్దదానికంటే చిన్నవి రెండు మూడు అందంగా అంటిస్తే అవతలివాళ్లకు సంతోషం. కౌంటరులో రద్దీ లేని వేళ చూసి, "ముద్ర కాస్త తేటగా వేయండి సార్" అని అడిగితే చాలాచోట్ల వేస్తారు. విదేశానికి ఎంత బిళ్ళ అంటించాలో ప్రతిసారీ అడిగి తెలుసుకోండి, మారుతూ ఉంటుంది. మన దేశంలోపల మామూలు తపాలా కార్డు ఇప్పటికీ 50 పైసలే. 1980లలో 15 పైసలుండేది. నలభై ఏళ్లలో ఇంత తక్కువ పెరిగిన వస్తువు ఇంకొకటి చెప్పండి. అగ్గిపెట్టె అందామంటే, అదీ 2021 డిసెంబరులో రూపాయి నుంచి రెండు రూపాయలైంది.

అగ్గిపెట్టె లేబుళ్లు మార్చుకునేవాళ్లకు ఒక్క మాట. లేబులు, మడత విప్పిన ఖాళీ అట్ట పంపవచ్చు. పుల్లలున్న పెట్టె టపాలో వేయకూడదు, ఒక్క పుల్ల కూడా. ఇక పిల్లల చేత మార్పిడి చేయిస్తున్నవాళ్లు ఇంటి అడ్రసు ఇచ్చేముందు అవతలివాళ్లు ఎవరో పెద్దవాళ్లు కనుక్కోవాల. అంతగా అనుమానముంటే దుకాణం అడ్రసో, పోస్టు బాక్సో పెట్టుకోవచ్చు.

పాత బొమ్మకార్డులు మార్చుకునేటప్పుడు వయసు తెలుసుకోవడం అవసరం. వెనుకవైపు నడిమి గీత ఉందా చూడండి. గీత వేసి ఒకపక్క సందేశం, ఒకపక్క అడ్రసు రాయనిచ్చింది మొదట బ్రిటన్, 1902లో. అంతకుముందు వెనుకవైపంతా అడ్రసుకే, మాటలు బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీలో ఇరికించాల్సిందే. బిళ్ళ మీది తల కూడా చెబుతుంది: 1901 దాకా విక్టోరియా, తర్వాత ఎడ్వర్డు, 1910 నుంచి ఐదో జార్జి. కొత్త రాజు తల అచ్చయి రావడానికి కొంతకాలం పట్టేది కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ.

ఇప్పుడు నోటుపుస్తకం చివరి పుట. చిన్నతాతకు 1989లో చూపు మందగించింది. ఆ పుటలో బాకీ గడి కొట్టివేయని వరుస ఒకటే ఉంది. చెకొస్లొవేకియా. అక్కడ అగ్గిపెట్టె లేబుళ్లు దాచేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు, సూషిత్సె అనే ఊళ్లో అగ్గిపుల్లల పెద్ద ఫ్యాక్టరీ. ఆ ఊరాయనే, పన్నెండేళ్లుగా ఈయనతో మార్చుకుంటున్నవాడు, పద్నాలుగు కార్డులు పంపినాడు. అన్నీ వంతెనలు. చిన్నతాత బదులు పంపలేదు. "20 లే., 4 కో. పంపవలెను" అని రాసుకున్నాడు, అక్షరాలు వంకరగా గీత దాటి పోయినాయి. లేబుళ్లు లెక్కపెట్టి, కాగితంలో చుట్టి, డబ్బాలోనే పెట్టినాడు. నాలుగు కోట కార్డులూ ఉన్నాయి, వాటిమీద 1806 వాక్యం ఇంకా రాయలేదు.

ఆయన పోయిన చాలాకాలానికి, 2019లో, కార్డు పుట్టి నూటయాభై ఏళ్లని లోకమంతా అక్టోబరు 1న కార్డులు వేస్తుంటే, మేము ఆ బాకీ తీర్చాలనుకున్నాము. ఇంట్లో వాదనే జరిగింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆయన ఉంటాడా అని ఒకరు, ఉన్నా లేకున్నా పంపాల్సినవి పంపాల్సిందే అని ఒకరు. అడ్రసు ఉంది, దేశం లేదు. చెకొస్లొవేకియా 1993 జనవరి 1న రెండుగా విడిపోయింది. సూషిత్సె చెక్ దేశంలో పడిందని పటం చూసి, చివరి వరుస మార్చి రాసినాము. మాకు సరిహద్దు మారిన అడ్రసులు కొత్త కాదు కదా. కార్డుల మీద ఏమి రాయాలన్నది కుదరక, చివరికి ఆయన వాక్యమే రాసినాము. 1806 జులై 10న, 1857 కంటే యాభై ఏళ్లు ముందు.

కవరు ఐదు నెలలకు తిరిగి వచ్చింది. ముందువైపు చిన్న చీటీ, దానిమీద టపావాళ్ల ఫ్రెంచి ముక్క, "రెతూర్", కింద ఒక గడిలో టిక్కు: తెలియని వ్యక్తి. అంతర్జాతీయ టపాకు ఫ్రెంచి ఇంకా రాజభాషే. అవ్వ ఉండుంటే ఆ కవరును వీధి అరుగు మీదే చించేయమనేదేమో. చావు కబురు అని దానిమీద రాసి లేదు, కాదని కూడా రాసి లేదు. మేము చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాము. తర్వాత దాన్ని చించకుండా, చిల్లు పొడవకుండా, లోపలికి తెచ్చి డబ్బాలో పద్నాలుగు వంతెనల పక్కన పెట్టినాము. నోటుపుస్తకంలో ఆ గడిని కొట్టివేయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

ఈమధ్య హొసూరు నుంచి ఒక కుటుంబం, బరంపురం నుంచి ఒకరు, రాజపాళయం నుంచి ఒక టీచరమ్మ మాతో మార్పిడి మొదలుపెట్టినారు. అందరమూ తెలుగులోనే రాసుకుంటాము, రాయడం రానివాళ్లు ఎవరి ఊరి లిపిలో వాళ్లు. టీచరమ్మ పోయిన నెల అరవ అక్షరాల్లో రాసిన కార్డులో రెండో వరుస పంటో బండో మాకు తేలలేదు. బదులు కార్డులో రెండిటి క్షేమమూ అడిగినాము.